చావు తొడుగుల పెట్టె

ఎబియెజర్ టిల్డెన్ మంచం పట్టాక మొదట అడిగింది పాదిరిగారిని కాదు, వైద్యుణ్ణీ కాదు. మంచం కింద ఉన్న పెట్టెని.

"అమ్మాయ్, దాన్ని ఇటు లాగు. మూత తియ్యి. పురుగు పట్టిందేమో చూడు," అన్నాడు కోడలితో.

కెజియా మొక్కజొన్న పిండి అంటిన చేతులు తుడుచుకుని పెట్టె లాగింది. మూత తియ్యగానే పొగాకు ఘాటు గుప్పుమంది. పురుగు పట్టకుండా ముసలాయన ప్రతి మడతలోనూ పొగాకు కాడ దూర్చాడు. పెట్టె నిండా చేతి తొడుగులే. తోలువి, ఉన్నివి, నల్లవి, తెల్లవి. ఒక్క జత కూడా చేతికి ఎక్కించిన పాపాన పోలేదు.

ఇంగ్లండు ఏలుబడిలో ఉన్న అమెరికాలో, బోస్టన్‌కి దగ్గరి పల్లె థార్న్‌బీలో ఎవరు పోయినా, ఆ ఇంటివాళ్లు తొడుగులు పంపి శవయాత్రకి పిలవడం తాతల నాటి పద్ధతి. తొడుగులు వస్తే పిలుపు వచ్చినట్టు. రాకపోతే ఆ రెండు ఇళ్లూ మనవల తరం దాకా మాట్లాడుకోనట్టు. ఎవరికి ఏ తోలు పంపారన్నది కూడా ఊరంతా గమనిస్తుంది. పాదిరి లుడింగ్టన్‌గారికి ఎప్పుడూ మేకపిల్ల తోలే. ఆయన తనకొచ్చినవన్నీ కూడబెట్టి బోస్టన్‌లో అమ్మి, ఆ డబ్బుతో గుర్రం కొన్నాడని చెప్పుకుంటారు. ఆ గుర్రం మీద ఆయన పరామర్శకి వస్తుంటే, "అదిగో, మన తాతలందరూ కలిసి నడిచొస్తున్నారు" అనేవాడు ఎబియెజర్.

ఎబియెజర్ మాత్రం ఒక్క జత అమ్మలేదు. వయసులో ఉన్నప్పుడు ఆయన భుజాలు ఎద్దు మూపురంలా ఉండేవి. ఊళ్లో ఏ పాడె లేచినా ముందు పట్టు ఆయనదే. మోసి వచ్చి, తొడుగులు మడిచి, పెట్టెలో పెట్టేవాడు.

1775 నాటి ఆ జనవరిలో, కిటికీ అద్దాల మీద మంచు బూజులా పేరుకున్న ఆ రోజుల్లో, కోడలిని పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కో జతా తీసి చూపించాడు.

"ఇది మిల్లు ఓబెడ్ వాళ్లమ్మది. కుట్టు చూడు, ఎంత దగ్గరగా ఉందో. కొడుకులు ఖర్చుకి వెనకాడలేదు. మంచి మనిషి. ఒకసారి నాకు జ్వరమొస్తే కోడిపులుసు పట్టుకొచ్చింది."

"ఇది?"

ముసలాయన ఆ జతని రెండు వేళ్లతో ఎత్తాడు, చచ్చిన ఎలుకని తోకతో ఎత్తినట్టు. "ఇది డీకన్ ప్రౌట్ తండ్రిది. చూడ్డానికి మేకపిల్ల తోలు. లోపల కాగితం లాంటి గొర్రెతోలు. సొంత కొట్లో అమ్ముడుపోని సరుకుంటుంది చూడు, అది తెచ్చి కన్నతండ్రి చావుకి పంచాడు."

కెజియా నవ్వు ఆపుకోలేకపోయింది.

"నవ్వితే నవ్వావు గానీ, మాటివ్వు. వీళ్లందర్నీ నేను మోశాను. నన్ను మాత్రం వట్టి చేతులతో మోయించకు. తొడుగులు పంచని చావు కుక్క చావు. కొత్తవి కొనక్కర్లేదు, ఇవి చాలు."

"అలాగే మామయ్యా."

"అలాగే అంటే కాదు. మాట."

"మాట," అంది కెజియా.

తల్లి లేని కెజియాని పెళ్లి చేసి తెచ్చిన రోజున పొయ్యి రాజెయ్యడం దగ్గరనుంచి నేర్పింది ఈ ముసలాయనే. ఇన్నేళ్లలో ఆయన ఆమెని అడిగిన మొదటి కోరిక ఇదే.

ఆ కోరికకి అడ్డం పడ్డది ఇంగ్లండు రాజు.

అదీ చుట్టూ తిరిగొచ్చి పడ్డాడు. ఫ్రెంచివాళ్ల మీద యుద్ధం గెలిచాక రాజుకి ఖర్చు గుర్తొచ్చింది. కాగితాల మీద స్టాంపు పన్ను వేశాడు. ఇక్కడి జనం మండిపడ్డారు. తీసేశాడు. గాజు మీద, రంగుల మీద, టీ మీద వేశాడు. మళ్లీ మండిపడ్డారు. టీ మీద ఉంచి మిగిలినవి తీశాడు. బోస్టన్ వాళ్లు ఆ టీ పెట్టెలు సముద్రంలో గుమ్మరించారు. రాజు బోస్టన్ రేవుకి తాళం వేసి ఎర్రకోటు సిపాయిల్ని దింపాడు. అప్పుడు వలస రాష్ట్రాల పెద్దలు ఫిలడెల్ఫియాలో కూర్చుని, ఇంగ్లండు సరుకు కొనేది లేదని, దుబారా మానాలని ఒప్పందం రాసుకున్నారు. గుర్రప్పందాలు వద్దు, జూదం వద్దు, నాటకాలు వద్దు, చావుల్లో తొడుగులు పంచడం వద్దు. థార్న్‌బీలో పందెం గుర్రమూ లేదు, నాటకశాలా లేదు. వదులుకోడానికి ఊరికి మిగిలింది చావు తొడుగులే. కాబట్టి వాటినే పళ్లు బిగించి వదులుకుంది.

ఊరూరా తనిఖీ కమిటీలు పుట్టుకొచ్చాయి. థార్న్‌బీ కమిటీకి పెద్ద, చర్చి పనుల్లో పాదిరికి కుడిభుజమైన డీకన్ అసాహెల్ ప్రౌట్. ఊళ్లో ఉన్న ఒకే ఒక్క బట్టల కొట్టు ఆయనది. ఒప్పందం అమల్లోకి వచ్చేది డిసెంబరు మొదటి తేదీ. నవంబరంతా ఆయన కొట్లో ఇసకేస్తే రాలనంత జనం. ముందుముందు దొరకవని ఊరంతా ఎగబడి కొన్నది. ఆఖరి తొడుగు జత, ఆఖరి నల్ల పట్టు ముక్క అమ్ముడుపోయాక, డీకన్ ముతక నేత కోటు వేసుకుని దేశభక్తి మొదలుపెట్టాడు.

ఆ కోటు వేసుకునే ఒక రోజు టిల్డెన్ వాళ్లింటికి వచ్చాడు.

"బాబాయ్, ఒంట్లో ఎలా ఉంది?"

"చావుకి దగ్గరగా ఉంది. ఏం నాయనా, శవపెట్టెకి కొలత తీసుకుపోదామనా?"

డీకన్ నొచ్చుకున్నట్టు మొహం పెట్టి స్టూలు లాక్కున్నాడు. "నువ్వు తొడుగులు పంచమన్నావని ఊళ్లో అనుకుంటున్నారు. ఆ ఆలోచన మానుకో. ఒప్పందం దాటినవాళ్ల పేరు పత్రికలో వేయించాలి. దేశద్రోహి అని. నీ కొడుకు పీపాలు ఆ తర్వాత ఎవడూ కొనడు. నా మనసుకి ఎంత కష్టమైనా నేనే రాసి పంపాలి."

"కొనకూడదన్నది కొత్త సరుకు కదరా. వీటిలో సగం నువ్వు లాగు వేసుకోడం రానప్పటివి."

"చూసేవాళ్లకి పాతవో కొత్తవో ఎలా తెలుస్తుంది?"

"మీ నాన్న చావుకి ఇచ్చినవైతే తొడిగిన గంటలో తెలుస్తుంది."

పొయ్యి దగ్గర గరిటె తిప్పుతున్న కెజియా గోడ వైపు తిరిగింది. డీకన్ గొంతు పెంచాడు. మెల్లగా మాట్లాడితే ఆయనకి న్యాయం తన పక్క ఉన్నట్టు అనిపించదు.

"ఇది తొడుగుల సంగతి కాదు బాబాయ్, స్వేచ్ఛ సంగతి! పార్లమెంటులో మనవాడు ఒక్కడు లేడు. మనల్ని అడక్కుండా మన జేబులో చెయ్యి పెట్టే హక్కు ఎవడిచ్చాడు వాళ్లకి?"

"మరి నన్ను అడక్కుండా నా పెట్టెలో చెయ్యి పెడుతున్నావే, నీకెవడిచ్చాడు?"

"కమిటీని ఊరంతా ఎన్నుకుంది."

"నేను మంచంలో ఉన్నాను."

"అది మా తప్పా?"

"రాజు కూడా లండన్‌లో ఉన్నాడట. అది ఆయన తప్పా?" అన్నాడు ముసలాయన. ఆ మాటకి తనే నవ్వి, ఆ నవ్వు దగ్గై, దగ్గు ఆయాసమై, కెజియా పరుగున వచ్చి తలెత్తి పట్టుకోవలసి వచ్చింది. తేరుకున్నాక అన్నాడు, "ఈ రాజు తాత కోసమే నేను ఉత్తరాన ఫ్రెంచివాళ్ల కోట మీదికి వెళ్లాను. నువ్వప్పుడు వీధిలో నిలబడి రాజుకి జై అని అరిచావు. నీ గొంతు అప్పుడూ ఇంతే."

డీకన్ లేచాడు. "సరే. పెద్దవాడివి. కమిటీలో పెడతాను," అన్నాడు.

పెట్టాడు. సత్రం అరుగు గదిలో కమిటీ కూర్చుంది. కెజియా భర్త జోతం గోడవారగా నిలబడి విని వచ్చి చెప్పాడు. తొడుగు అంటే ఏమిటన్న దగ్గర చాలాసేపు ఆగిపోయారట. వేళ్లు విడివిడిగా ఉంటేనే తొడుగా, బొటనవేలు ఒక్కటే విడిగా ఉన్న ఉన్నిది తొడుగు కాదా? చచ్చినవాడి పెట్టెలోది చచ్చినవాడు పంచితే అది పంచడమా, వారసత్వమా? ఈ చర్చ మధ్యలో మిల్లు ఓబెడ్, బోస్టన్‌లో సిపాయిలు ఏం చేస్తున్నారో ఎవరికైనా కబురొచ్చిందా అని అడిగితే, విషయానికి సంబంధించి మాట్లాడమని మందలించారట.

"చివరికి ఏం తేల్చారు?"

"ఏ రకం తొడుగూ వద్దన్నారు. చూసేవాళ్లకి అనుమానం రాకూడదట. అంతేకాదు, కమిటీవాళ్లు ఆదర్శంగా ఉండాలని ఆరోజు సొంత తొడుగులు కూడా వేసుకోకుండా వట్టి చేతులతో వస్తారట. దూరంనుంచి ఎవరైనా చూస్తే పొరబడతారని."

"జనవరిలోనా?"

"స్వేచ్ఛకి కాలంతో పనేముంది అన్నాడు డీకన్."

జోతం చెడ్డవాడు కాదు. పీపా పలకలు వంచినంత సులువుగా తనూ వంగుతాడు, అంతే. ఆ చలికాలంలో ఊళ్లు ఊళ్లు చడీచప్పుడు లేకుండా ఉప్పు మాంసం, తుపాకి మందు దాస్తున్నాయి. దాయడానికి పీపాలు కావాలి. ఆ పని కమిటీ ద్వారా జోతంకి వచ్చింది. ఇప్పుడు డీకన్ మొహంలో చిరునవ్వు ఎంత వెడల్పుందో చూసి గానీ జోతం నిద్రపోవడం లేదు.

ముసలాయన ఒక మధ్యాహ్నం, మంచు పడుతుండగా పోయాడు. సగం తాగిన ఆపిల్ సారా గిన్నె కోడలి చేతికిచ్చి, "పుల్లగా ఉంది" అని కళ్లు మూసుకున్నాడు.

శవానికి స్నానం చేయించడానికి డీకన్ భార్య హల్డా వచ్చింది. ఊళ్లో ఆ పని తెలిసింది ఆవిడకే. చేతులు పనిలో, నోరు ఊళ్లో.

"కెజియా, నాకు తలనొప్పిగా ఉంది. నా సంచిలో కాఫీ కెటిల్ ఉంది, అందులో కాస్త వేడినీళ్లు పొయ్యి," అంది.

కెజియా నీళ్లు పోసింది. వచ్చిన వాసన కాఫీది కాదు, తాగకూడదన్న టీది.

"అలా చూడకు. ఇది మందు. డాక్టరు చెప్పాడు."

"ఏ డాక్టరు వదినా?"

"తలనొప్పి డాక్టరు." హల్డా గుటకేసి, కళ్లు మూసుకుని, లోకం మీద ప్రేమ పుట్టినట్టు నిట్టూర్చింది. "మా ఆయనతో అనకు. ఆయన టీకి బదులు రాస్ప్‌బెర్రీ ఆకు మరగబెట్టి తాగి, అద్భుతం అంటాడు. మొహం చూస్తే ఆముదం తాగినట్టుంటుంది." తర్వాత శవం చేతులు తుడుస్తూ, గొంతు తగ్గించి అంది, "ఎంత పెద్ద చేతులో. మా మామగారిని ఈయనే మోశాడు. జారుతుంటే ఒక్కడే ఆపాడు. కెజియా, తొడుగుల మాట మర్చిపో. మా ఆయన అన్నంత పని చేస్తాడు. రాసి పెట్టుకున్నాడు కూడా."

ఆ సాయంత్రం కెజియా పెట్టె తెరిచి, ఎవరికీ అనుమానం రాకుండా, చావుకి వచ్చినవాళ్లకి పంచే రొట్టెలు పెట్టే పెద్ద బుట్టలో తొడుగులు సర్దసాగింది. జోతం గుమ్మంలో నిలబడ్డాడు.

"ఏం చేస్తున్నావ్?"

"కనపడట్లేదా?"

"నీకు మతిపోయిందా? రేపు పత్రికలో పేరు పడితే వీధిలో మన మొహం ఎవడూ చూడడు. పీపాల పని పోతుంది. ద్రోహులకి చేసినట్టు ఒళ్లంతా తారు పూసి ఈకలు అంటిస్తారు."

"మిమ్మల్నా, నన్నా?"

"మన ఇద్దరి తరఫునా నన్నే. ఆ ఒప్పందం మీద నేను సంతకం పెట్టాను కెజియా!"

"నేను పెట్టలేదుగా."

"ఆడవాళ్ల తరఫున కూడా మగవాళ్లే పెట్టారు. మీ మంచి మేము చూస్తాం కదా."

కెజియా బుట్ట మీద గుడ్డ కప్పి, భర్త వైపు తిరిగింది. "పార్లమెంటు కూడా మీతో అదే అందట కదండీ. మీవాడు లేకపోయినా మీ మంచి మేం చూస్తాం అని. దానికేగా మీరంతా ఇంత గోల చేస్తున్నారు?"

జోతం తల అడ్డంగా ఊపాడు. "అది వేరు," అన్నాడు.

"ఎలా వేరో కమిటీలో అడిగి చెప్పండి. ఆయన మీ నాన్న. మాటిచ్చింది నేను. అంతవరకే నాకు తెలుసు."

జోతం వెళ్లి పీపా పలకలు చెక్కుతూ కూర్చున్నాడు. కెజియా మాట పైకి గట్టిగానే అంది గానీ, ఆ రాత్రి లేచి మొక్కజొన్న పిండి ఎంత మిగిలిందో చూసుకుంది. పీపాల పని లేకపోతే వసంతం దాకా ఏం వండాలో ఆమెకీ తెలుసు. బుట్ట తీసుకెళ్లాలనైతే అనుకుంది. గుడ్డ తియ్యగలదో లేదో ఆమెకే తెలియదు.

మర్నాడు గాలి రేగింది. ఎలాంటి గాలంటే, ఊపిరి పీల్చుకుంటే పళ్లు జివ్వుమన్నాయి. ఊరి పాడె పాతకాలపుది. పట్టుకునే కర్రలు చీలిపోతే ఎప్పుడో ఇనప పట్టీలు వేయించారు. శవపేటిక ఎక్కించి డీకన్, ఓబెడ్, జోతం, మిగతా కమిటీవాళ్లు పట్టుకున్నారు. అందరివీ వట్టి చేతులే. వెనక వచ్చే ఊరు కూడా అంతే. కమిటీవాళ్లు వేసుకోలేదని భయపడి ఎవ్వరూ వేసుకోలేదు. ఆడవాళ్లు చేతులు చంకల్లో పెట్టుకున్నారు. పాదిరిగారు ప్రార్థన పుస్తకాన్ని రెండు మణికట్ల మధ్య ఇరికించి పట్టుకున్నారు. జనవరి చలిలో ఒక ఊరంతా కలిసి రాజుని ఇలా భయపెట్టింది. ఆ సమయానికి రాజు లండన్‌లో వెచ్చగా భోంచేస్తూ ఉండి ఉంటాడు.

సమాధుల గుట్ట ఊరి చివర. సగం దారి ఎక్కేసరికి ఓబెడ్ అన్నాడు, "డీకన్‌గారూ, నా వేళ్లు నా మాట వినట్లేదు."

"ఓర్చుకో. బోస్టన్‌లో మన సోదరులు ఇంతకన్నా ఓర్చుకుంటున్నారు."

"వాళ్లు ఇనుము పట్టుకుని గుట్ట ఎక్కట్లేదు కదండీ."

నాలుగు అడుగులు వెయ్యలేదు, కుడివైపు పట్టు సడలింది. పాడె ఒరిగింది. శవపేటిక చెక్క మీద చెక్క రాసుకుంటూ జర్రున జారింది. ఎవరో కెవ్వుమన్నారు. జోతం భుజం అడ్డం పెట్టాడు. "దించండి! దించండి!" అంటూ మంచులో దించేశారు. డీకన్ చెయ్యి ఇనుముకి అంటుకుపోయింది. లాక్కుంటే అరచేతి తోలు కాస్త అక్కడే ఉండిపోయింది. ఆయన నోట వచ్చిన మాట డీకన్లు అనే మాట కాదు.

కెజియా కళ్లు ఒరిగిన పేటిక మీదే ఉన్నాయి. ఇందర్ని మోసినవాడు మంచులో పక్కకి పడి ఉన్నాడు, ఎవరో దారిలో పారేసి పోయిన సామానులా. పీపాల పని, పిండి లెక్క ఆమెకి ఇక గుర్తు రాలేదు. ముందుకి వచ్చి బుట్ట మీది గుడ్డ తీసింది.

అందరూ బుట్టలోకి చూశారు. పాదిరిగారైతే మేకపిల్ల తోలు ఏ మూల ఉందో కూడా చూశారు.

డీకన్ తేరుకుని, "కెజియా! ఏమిటిది?" అన్నాడు.

"చూస్తున్నారుగా."

కమిటీ అక్కడే, శవం పక్కనే, మంచులో సమావేశమైంది. పళ్లు టకటకలాడుతుంటే మాట సరిగా రాక, చర్చ మాత్రం సత్రంలో కన్నా తొందరగా నడిచింది. పాదిరిగారు దారి చూపించారు. "గోతిలో పడ్డ ఎద్దుని విశ్రాంతి దినాన పైకి తియ్యొచ్చని ప్రభువే సెలవిచ్చారు," అన్నారు.

"మా మామయ్య ఎద్దా అండీ?" అంది కెజియా.

"ఉపమానం అమ్మా, ఉపమానం."

డీకన్ గొంతు సవరించుకున్నాడు. "కమిటీ తీర్మానం ఏమిటంటే, ఇవి చావు తొడుగులు కావు. బరువు మోసేవాళ్లకి పనిముట్లు. పారలాంటివి, తాడులాంటివి. కాబట్టి ఒప్పందం కిందికి రావు. ఇలా ఇవ్వమ్మా."

చెయ్యి చాచాడు. అరచేతిలో నెత్తురు గడ్డకట్టి ఉంది. కెజియా బుట్ట వెనక్కి తీసుకుంది.

"పనిముట్లయితే ఇవ్వను డీకన్‌గారూ. మా మామయ్య పారలు పంచమనలేదు. ఇవి చావు తొడుగులు. ఎబియెజర్ టిల్డెన్ శవయాత్రకి రమ్మని పిలిచి ఇస్తాను. అలాగైతే తీసుకోండి. లేదంటే మీ ఆదర్శం మీరు పట్టుకుని మొయ్యండి. పత్రికకి కూడా రాసుకోండి. నా పేరు స్పష్టంగా రాయండి, జోతం పేరు వద్దు. సంతకం పెట్టనిదాన్ని నేను."

జోతం ఆమె వైపు చూశాడు. ముందు కదిలింది అతను కాదు, ఓబెడ్. వచ్చి ఆమె ఎదుట నిలబడి టోపీ తీశాడు.

"ఎబియెజర్ టిల్డెన్ చావుకి పిలుస్తున్నాం ఓబెడ్‌గారూ. వచ్చి మొయ్యండి," అంటూ ఆమె ఒక నల్ల జత ఇచ్చింది. "మీ అమ్మగారి చావుకి మీరు పంపినవే ఇవి. కుట్టు చాలా బాగుందని మామయ్య చెప్పేవాడు. కోడిపులుసు కూడా."

ఓబెడ్ బొటనవేలితో ఆ కుట్టు తడిమాడు. అమ్మ పోయి ఎన్నేళ్లయిందో. తల వంచి వేసుకున్నాడు. ఆ తర్వాత ఒకరి వెనక ఒకరు వచ్చారు. ఎవరింటి జత వాళ్లకే ఇచ్చింది కెజియా. జోతం కూడా వరసలో నిలబడి, పరాయివాడిలా టోపీ తీసి, వాళ్లమ్మ చావు జత తీసుకున్నాడు. అందరికన్నా వెనక డీకన్ మిగిలాడు. అటు చూశాడు, ఇటు చూశాడు. చూసేవాళ్లంతా తొడుక్కునే ఉన్నారు.

వచ్చి టోపీ తీశాడు. కెజియా పిలుపు మాటలు ఒక్కటీ వదలకుండా చెప్పి, వాళ్ల నాన్న జత అందించింది.

పాడె లేచింది. ఈసారి ఒరగలేదు. గుట్ట మీదికి చేరేలోగా డీకన్ ఎడమ తొడుగు మాత్రం బొటనవేలు దగ్గర ఫట్టుమని చీలింది. ఆ నిశ్శబ్దంలో అందరికీ వినపడింది. పేటికలోని వాడికి కూడా వినపడే ఉంటుందని కెజియాకి అనిపించింది.

తర్వాతి వారం పత్రిక వచ్చింది. జోతం గడప దగ్గరే చదవడం మొదలుపెట్టాడు, చదువుతుండగా అతని కనుబొమలు పైకి పోయాయి. థార్న్‌బీ వృద్ధుడు ఎబియెజర్ టిల్డెన్ అంత్యక్రియలు ఎలాంటి తొడుగులూ పంచకుండా, ఒప్పందానికి అక్షరాలా కట్టుబడి జరిగాయనీ, దుఃఖంలో కూడా దేశాన్ని మరవని ఆ కుటుంబం అన్ని ఊళ్లకీ ఆదర్శమనీ వేశారు. కింద కమిటీ అధ్యక్షుడి సంతకం.

"బతికిపోయాం," అన్నాడు జోతం.

కెజియా మొక్కజొన్న దంచుతున్న రోటి దగ్గరనుంచి లేవలేదు. ఏ అవమానం జరగకూడదని అంత తెగించిందో, దాన్నే గౌరవమని అచ్చు వేసి ఊరూరా పంచారు. మామయ్య తొడుగులు పంచని చావు చచ్చాడని ఇప్పుడు బోస్టన్ దాకా తెలుసు. తిట్టి వేసి ఉంటే నయం, నిజమైనా మిగిలేది.

ఏప్రిల్‌లో యుద్ధం వచ్చింది. దాచిన తుపాకి మందు కోసం రాజు సిపాయిలు పల్లెల మీదికి వచ్చారు, గోడల చాటునుంచి రైతులు కాల్చారు. ఊళ్లోని మగవాళ్లంతా తుపాకులు పట్టుకుని బోస్టన్ పక్కనున్న కేంబ్రిడ్జి వైపు పోయారు. డీకన్ వెళ్లాడు. జోతం కూడా వెళ్లాడు, పీపాల బండితో.

మే నెలలో ఒక పొద్దున హల్డా వచ్చింది, కాఫీ కెటిల్ లేకుండా. సంచిలోంచి ఒక తొడుగు తీసి బల్ల మీద పెట్టింది. ఎడమచేతిది. బొటనవేలు దగ్గర చిరుగు ఇప్పుడు మణికట్టు దాకా పాకింది.

"మా ఆయన పంపాడు. నాలుగుసార్లు పేల్చేసరికి తుపాకి గొట్టం నిప్పులా కాలుతోందట, ఎడమచెయ్యి పెట్టలేకపోతున్నాడట. తోలు కుట్టడం నీకే బాగా వచ్చు. కొత్తవి కొందామంటే ఎక్కడున్నాయ్, మా ఆయన అమ్మకుండా ఉంచితేగా."

కెజియా తొడుగు తీసి లోపలికి తిప్పింది. లోపల ఇంగ్లండు వాడి ముద్ర ఇంకా చెరగలేదు. ఇంగ్లండు రాజు మీద యుద్ధానికి ఇంగ్లండు తొడుగు కావలసి వచ్చింది డీకన్‌గారికి.

"వదినా, ఇది ఎవరి చావుకి ఇచ్చింది?"

"ఎవరి చావుకంటే... మా మామగారి చావుకి."

"అది మొదటిసారి. రెండోసారి?"

హల్డా కిటికీలోంచి బయటికి చూసింది. వీధిలో ఎవరూ లేరు. "పత్రికలో వేశాక ఇప్పుడెందుకే ఆ గొడవ?"

"పత్రిక సంగతి నేను అడగలేదు."

"పంతం మనిషివి నువ్వు." హల్డా కాసేపు బల్ల అంచు గోకింది. తర్వాత గట్టిగానే అంది, ఎవరో కాదన్నట్టు, "ఎబియెజర్ బాబాయ్ చావుకి. నువ్వు పంచావు. మా ఆయన టోపీ తీసి పుచ్చుకున్నాడు. నేను చూశాను, ఊరంతా చూసింది. చాలా?"

"చాలు," అంది కెజియా, సూది అందుకుంటూ.

బొటనవేలు దగ్గర రెండు వరసలు కుట్టింది, ఆ తోలు మీద ఆమెకి నమ్మకం లేదు. దారం కూడా ఇంగ్లండుదే. ఆ సంగతి హల్డా అడగలేదు, కెజియా చెప్పలేదు.